గాజుగృహ వృక్షోద్యానం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత సందర్భం

ఒక ప్రాంతపు ఆరుబయట బతకని మొక్కలకు వాటి పుట్టినచోటి వేడి, తేమ, వెలుతురు కల్పించి పెంచడానికీ, వాటిని ప్రజలకు చూపడానికీ వృక్షోద్యానాల్లో కట్టే పారదర్శక కట్టడం గాజుగృహం. దీన్నే గ్లాస్‌హౌస్ అనీ, కన్సర్వేటరీ అనీ వ్యవహరిస్తారు. చలిదేశాల్లో పుట్టిన ఈ కట్టడం అక్కడ వేడిని నిలుపుతుంది. ఎండలు మండే దేశాల్లో ఇదే కట్టడం చల్లదనాన్నీ తేమనూ నిలపవలసి వస్తుంది. నల్లమల, ఎర్రమల కొండల నడుమ ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ఈ రెండో తరహాకు చెందుతుంది. గాజుగృహాల చరిత్ర, రకాలు, పనితీరు, వాటిలోని మొక్కలు, సందర్శన పద్ధతులు, ఈ ప్రాంతంతో వాటికున్న సంబంధం ఈ వ్యాసపు పరిధి.

నిర్వచనం, పరిధి

వృక్షోద్యానానికీ మామూలు పార్కుకూ తేడా రికార్డులో ఉంది. వృక్షోద్యానంలో ప్రతి మొక్కకూ శాస్త్రీయ నామం, కుటుంబం, స్వస్థలం, చేర్చుకున్న సంఖ్య నమోదై ఉంటాయి. ఆ వివరాల్లో ముఖ్యమైనవి పేరుపలక మీద కనిపిస్తాయి. గాజుగృహం అలాంటి ఉద్యానంలో ఒక భాగం.

దీనికి దగ్గరి కట్టడాలు మరికొన్ని ఉన్నాయి. పంటలు, నారు పెంచడానికి వాడేది హరితగృహం. ఇనుప గొట్టాల మీద ప్లాస్టిక్ పరదా కప్పి కట్టేది పాలీహౌస్. ఎండను కొంతమేర ఆపే అల్లిక వల కింద మొక్కలు పెంచేది షేడ్‌నెట్. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లో షేడ్‌నెట్లు విరివిగా కనిపిస్తాయి. వీటి ప్రధాన లక్ష్యం ఉత్పత్తి, అమ్మకం. గాజుగృహం లక్ష్యం సేకరణ, సంరక్షణ, అధ్యయనం, ప్రదర్శన.

చూడు: హెర్బేరియం, నర్సరీ, పాలీహౌస్ సాగు.

చరిత్ర: ఐరోపా

పారదర్శక కప్పు కింద మొక్కలు పెంచిన తొలి దాఖలా రోమన్ కాలానిది. టిబేరియస్ చక్రవర్తికి ఏడాది పొడవునా దోసజాతి కాయలు అందించడానికి అభ్రకం వంటి పలుచని రాతి పలకలు కప్పిన మడులు వాడేవారని ప్లినీ రాశాడు. ఇటలీలో 1545లో మొదలైన పాదువా ఉద్యానం పెట్టినచోటే కొనసాగుతున్న వృక్షోద్యానాల్లో అతి పురాతనమైనది. అక్కడ 1585లో నాటిన ఒక తాటిజాతి చెట్టు నేటికీ గాజు కట్టడం నీడలో బతికి ఉంది. 17వ శతాబ్దంలో రాజులు, జమీందారులు నారింజ కుండీలను చలికాలంలో దాచడానికి పెద్ద కిటికీల భవనాలు కట్టించారు. వాటికి గోడలే ఎక్కువ, వెలుతురు తక్కువ.

19వ శతాబ్దంలో మూడు మార్పులు గాజుగృహానికి నేటి రూపం ఇచ్చాయి. 1816లో జాన్ క్లాడియస్ లౌడన్ వంపు తిరిగే సన్నని ఇనుప కమ్ములు రూపొందించడంతో గుండ్రని గాజు కప్పులు సాధ్యమయ్యాయి. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ బ్యాగ్‌షా వార్డ్, మూసిన సీసాలోని తడిమట్టిలో ఫెర్ను మొలిచి, నీరు పోయకుండానే బతకడం గమనించాడు. దాని ఆధారంగా తయారైన గాజు పెట్టెల్లో మొక్కలు నెలల తరబడి సాగే ఓడ ప్రయాణాలను తట్టుకున్నాయి. చైనా తేయాకు మొక్కలు హిమాలయ తోటలకూ, బ్రెజిల్ రబ్బరు మొక్కలు లండన్ శివారులోని కియూ ఉద్యానం మీదుగా శ్రీలంకకూ చేరింది ఈ పెట్టెల్లోనే. ఇక 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తివేయడంతో నిర్మాణ ఖర్చు తగ్గింది.

ఆ కియూ ఉద్యానంలోనే 1844–48 మధ్య పామ్ హౌస్ కట్టారు. డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ దాని రూపకర్తలు. 1849 నవంబరులో చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ అమెజాన్ మహాకలువను పూయించాడు. ఆ కలువ కోసం గాజుగృహం కట్టిన అనుభవంతోనే 1851 లండన్ ప్రదర్శనకు క్రిస్టల్ ప్యాలెస్ రూపొందించాడు. 20వ శతాబ్దంలో నడుమ స్తంభాలు లేని గోళాకార చట్రాలు వచ్చాయి. అమెరికాలో మిస్సోరీ ఉద్యానపు క్లైమట్రాన్ 1960లో, ఇంగ్లండులో గాజుకు బదులు తేలికైన ప్లాస్టిక్ పొరలు వాడిన ఈడెన్ ప్రాజెక్టు 2001లో ప్రారంభమయ్యాయి.

చరిత్ర: భారతదేశం, తెలుగునేల

భారతదేశంలో వృక్షోద్యానాలు ఈస్టిండియా కంపెనీ వ్యాపార అవసరాలతో ముడిపడి పెరిగాయి. 1787లో రాబర్ట్ కిడ్ హౌరా వద్ద స్థాపించిన కలకత్తా ఉద్యానం వాటిలో పెద్దది. నేడు అది ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారత వృక్షోద్యానం.

తెలుగునేల మీద ఇలాంటి ఉద్యాన పని గోదావరి ప్రాంతంలో జరిగింది. కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోట చేరి, అక్కడ ప్రయోగాత్మక తోట నడిపాడు. కాఫీ, దాల్చిన, మిరియం, మల్బరీ, సీమపనస వంటివి అక్కడ పెంచి చూశాడు. అది ఆరుబయటి తోట. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. ఆ కృషి మూడు సంపుటాల కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి లండన్‌లో వెలువడింది. నల్లమలలోనూ పెరిగే సోమిద చెట్టు బెరడును జ్వరాలకు సింకోనా బదులు వాడవచ్చని ప్రచారం చేసినవాడు ఇతడే. 1793లో కలకత్తా ఉద్యాన పర్యవేక్షకుడిగా వెళ్లాడు.

దక్షిణాన బెంగళూరులో హైదరలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్ 1856లో ప్రభుత్వ వృక్షోద్యానమైంది. అక్కడి గాజుగృహానికి 1889లో ఇంగ్లండు యువరాజు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. దాని ఇనుప భాగాలు గ్లాస్గో ఫౌండ్రీలో పోతపోసి తెచ్చినవి. ఊటీ ప్రభుత్వ వృక్షోద్యానం 1848లో డబ్ల్యు.జి. మకైవర్ చేతుల మీదుగా రూపుదిద్దుకుంది. కర్నూలు జిల్లాతో పాటు నంద్యాల, ఆళ్లగడ్డలు కూడా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో ఊటీయే ఆ ప్రభుత్వపు కొండ ఉద్యానం.

హైదరాబాదు కొండాపూర్ వద్ద కొత్తగూడ రిజర్వు అడవిలో ఉన్న వృక్షోద్యానానికి ఉమ్మడి కర్నూలు జిల్లాకు చెందిన మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. అక్కడ మొక్కలను వనాలుగా విభజించి చూపుతారు.

చూడు: విలియం రాక్స్‌బర్గ్, లాల్‌బాగ్, సామర్లకోట.

రకాలు

లోపల నిలిపే వాతావరణాన్ని బట్టి గాజుగృహాలను ఇలా విభజిస్తారు.

*ఉష్ణ తేమ గృహం.* భూమధ్యరేఖ ప్రాంతపు వానాడవుల మొక్కలకు. గాలిలో తేమ ఎక్కువ, రాత్రి చలి దరిచేరదు. తాటి జాతులు, కోకో, వనిల్లా, అడవి అరటులు ఇందులో ఉంటాయి.

*సమశీతోష్ణ గృహం.* మంచు పడకుండా కాపాడితే చాలనే మొక్కలకు. కియూ టెంపరేట్ హౌస్ నిర్మాణం 1860లో మొదలై 1899లో పూర్తయింది.

*శుష్క గృహం.* ఎడారి మొక్కలకు. నీరు నిలవని ఇసుకమట్టి, పొడిగాలి, నేరుగా పడే వెలుతురు దీని లక్షణాలు.

*చల్లని గృహం.* వేడి దేశాల్లో కొండ మొక్కలకు, శీతల దేశాల పూలకు. సింగపూర్‌లో 2012లో ప్రారంభమైన గార్డెన్స్ బై ద బే ఉద్యానంలోని రెండు పెద్ద గృహాలూ ఈ తరహావే. వాటిలో ఒకటి 35 మీటర్ల కృత్రిమ కొండను మేఘారణ్యపు మొక్కలతో కప్పి చూపుతుంది.

*ప్రత్యేక గృహాలు.* ఫెర్నులకు, ఆర్కిడ్లకు, కలువలకు, కీటకాహారి మొక్కలకు విడివిడిగా కట్టేవి.

*ప్రదర్శన గృహం.* శాశ్వత సేకరణ కన్నా పుష్ప ప్రదర్శనలకు ఉపయోగపడేది. బెంగళూరు వాతావరణం ఏడాదంతా సౌమ్యంగా ఉండడం వల్ల లాల్‌బాగ్ గాజుగృహం ఈ కోవలోకే వస్తుంది. ఏటా జనవరిలో గణతంత్ర దినోత్సవానికీ, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికీ అక్కడ ప్రదర్శనలు జరుగుతాయి.

ఒకే కప్పు కింద పలు వాతావరణాలు ఏర్పరచిన గృహాలూ ఉన్నాయి. 1987లో కియూలో ప్రారంభమైన ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ గృహంలో పది మండలాలు కంప్యూటర్ నియంత్రణలో నడుస్తాయి.

నిర్మాణం, పనితీరు

సూర్యకాంతి గాజు గుండా లోపలికి వచ్చి నేలనూ ఆకులనూ వేడెక్కిస్తుంది. అవి గాలిని వేడెక్కిస్తాయి. ఆరుబయట ఆ వేడిగాలి పైకి లేచి చెదిరిపోతుంది. గాజు కింద చిక్కుకుపోతుంది. గాజుగృహం వేడెక్కడానికి ప్రధాన కారణం ఈ గాలి నిర్బంధమేనని 1909లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు. వుడ్ ఒక చిన్న ప్రయోగంతో చూపాడు. అందుకే కప్పు శిఖరాన తెరుచుకునే గవాక్షాలు, గోడల అడుగున మరో వరుస గవాక్షాలు పెడతారు. పైవి తెరిస్తే వేడిగాలి పోతుంది, కిందివి తెరిస్తే చల్లగాలి వస్తుంది.

చలిదేశాల్లో వేడినీటి గొట్టాలు, తుంపర యంత్రాలు, చలికాలపు అదనపు దీపాలు దీనికి తోడవుతాయి. గాజు లోపలి అంచున చేరే నీటిబొట్లు మొక్కల మీద పడి బూజు తెగుళ్లు రాకుండా కప్పుకు తగిన వాలు ఇస్తారు.

ఉష్ణ శుష్క ప్రాంతంలో గాజుగృహం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సాధారణం. అలాంటిచోట నీడలేని, మూసిన గాజుగది మొక్కలను మాడ్చేస్తుంది. ఇక్కడ కావలసిన వరుస వేరు: మొదట నీడ, తరవాత గాలి ప్రసరణ, ఆపైన నీటి ఆవిరితో చల్లదనం.

దీనికి అనువైన పద్ధతి తడిగోడ–ఫ్యాన్ ఏర్పాటు. గృహానికి ఒక వైపు గోడంతా ముడతల అట్టతో చేసిన మెత్తలు నిలిపి, వాటి మీదుగా నీరు జారవిడుస్తారు. ఎదుటి గోడలోని పెద్ద ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి లాగుతాయి. బయటి గాలి తడి మెత్తల గుండా వస్తూ నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. వేసవిలో ఇళ్లలో వాడే ఎయిర్ కూలర్ సూత్రమే ఇది. గాలి ఎంత పొడిగా ఉంటే ఇది అంత బాగా పనిచేస్తుంది. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. మెత్తలు ఈ వ్యత్యాసంలో 80 శాతం సాధిస్తే లోపలికి వచ్చే గాలి దాదాపు 28 డిగ్రీలకు దిగుతుంది. అదే ఏర్పాటు వానాకాలంలోనూ సముద్రతీరంలోనూ అంత ఫలితం ఇవ్వదు. నీటి లభ్యత, లవణాలు పేరుకుని మెత్తలు మూసుకుపోవడం, కరెంటు కోత దీనికి ప్రధాన అవరోధాలు.

చూడు: షేడ్‌నెట్, బాష్పీభవనం.

గాజుగృహాల్లో ప్రసిద్ధమైన మొక్కలు

*అమెజాన్ మహాకలువ.* దీని గుండ్రని ఆకు రెండు మీటర్ల వెడల్పు మించి పెరుగుతుంది. అంచు పళ్లెంలా పైకి లేచి ఉంటుంది. అడుగున ముళ్లతో నిండిన ఈనెల అల్లిక ఆకును నీటిపై నిలబెడుతుంది. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని పరిమళంతో పేడపురుగు జాతి కీటకాలను రప్పిస్తుంది. ఆ రాత్రి రేకులు మూసుకుని వాటిని లోపల బంధిస్తాయి. మర్నాటి సాయంత్రం గులాబీ రంగులో మళ్లీ తెరుచుకుంటుంది. అప్పటికి పుప్పొడి అంటిన పురుగులు మరో తెల్ల పువ్వును వెతుక్కుంటూ వెళతాయి.

*టైటాన్ ఆరం.* సుమత్రా దీవి మొక్క. 1878లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒదొఆర్దో బెక్కారి దీన్ని లోకానికి తెలియజేశాడు. సాగులో మొదటిసారి 1889లో కియూలో పూసింది. ఏళ్లకొకసారి వచ్చే పూత ఒకటి రెండు రోజులే ఉంటుంది, కుళ్లిన మాంసపు వాసన వేస్తుంది. తెలుగువారు కూర వండుకునే కంద దీని ప్రజాతిలోదే. కంద పువ్వు కూడా నేలలోంచి ఆకు లేకుండా పొడుచుకువచ్చి, అలాంటి వాసనతోనే ఈగలను పిలుస్తుంది.

*సైకడ్లు.* డైనోసార్ల కాలం నుంచి ఉన్న విత్తన వృక్షాలు. దక్షిణాఫ్రికా నుంచి 1775లో కియూ చేరిన సైకడ్ ఒకటి కుండీలో పెరిగిన అతి పాత మొక్కల్లో ఒకటిగా పేరుపొందింది. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమై తెలుగునేల సొంత జాతి.

*కాక్టస్‌లు, జెముళ్లు.* శుష్క గృహంలో ఈ రెండు వర్గాలనూ పక్కపక్కన పెట్టి చూపుతారు. ఇక్కడి బీళ్లలో పెరిగే బొంతజెముడు యుఫోర్బియా కుటుంబానిది. గీరితే తెల్లని పాలు కారుతాయి. నాగజెముడు అమెరికా కాక్టస్; దానికి పాలు ఉండవు, ముళ్లు చిన్న మెత్తటి గద్దెల నుంచి గుత్తులుగా వస్తాయి. రెండు ఖండాల్లో ఒకే రకమైన ఎండకు వేర్వేరు కుటుంబాలు ఒకే రూపంలోకి మారిన తీరుకు ఇది నిదర్శనం.

నంద్యాల–ఆళ్లగడ్డ: నేల, నీరు

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ రెండు పట్టణాలూ కుందూ నది లోయలో ఉన్నాయి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. లోయలో నల్లరేగడి, కర్నూలు–కడప కాలువ నీరు. కొండ అంచున మాత్రం పరిస్థితి వేరు. నంద్యాలకు తూర్పున మహానందిలో ఊటనీరు ఏడాదంతా కోనేటిలోకి వచ్చి అరటితోటలకు పారుతుంది. ఆళ్లగడ్డకు తూర్పున అహోబిలంలో భవనాశిని లోయ నీడన, తడిసిన రాతిగోడల మీద ఫెర్నులు, నాచులు పెరుగుతాయి. గాజుగృహం యంత్రాలతో నిలబెట్టే నీడనూ తేమనూ ఈ లోయల్లో కొండ వంపు, ఊటనీరు సహజంగా కలిగిస్తున్నాయి.

స్థానిక వృక్షజాలం

నల్లమల ప్రధానంగా ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, యేగి, సోమిద, వెదురు, మొర్రి, తపసి ఇక్కడి ముఖ్య వృక్షాలు. చెంచులు తపసి బంక, సారపప్పు సేకరిస్తారు. అహోబిలం, రుద్రవరం, చెలిమ పరిసర అడవుల్లో ఎర్రచందనం పెరుగుతుంది. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే ప్రమాదమున్న జాతులకు వర్తించే సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉంది.

భారత వృక్ష సర్వేక్షణ సంస్థకు చెందిన జె.ఎల్. ఎల్లిస్ రెండు సంపుటాల నల్లమల వృక్షజాల గ్రంథంలో ఈ అడవుల మొక్కలను వివరించాడు. ఆయన పేరుపెట్టిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా నేలవేముకు దగ్గరి బంధువు. ఎరియోలీనా లషింగ్టోని కూడా నల్లమల ప్రాంతపు అరుదైన చెట్టుగా నమోదైంది. దూరదేశపు ఉద్యానాలకు ఇవే అపురూపమైన విదేశీ మొక్కలు.

వచ్చి స్థిరపడిన మొక్కలు

ఈ ప్రాంతపు పొలాల్లో, రోడ్ల పక్కన, బీళ్లలో కనిపించే ఎన్నో మొక్కలు ఒకప్పుడు ఓడల్లో వచ్చినవే. మిరప, వేరుశనగ, పొగాకు, మొక్కజొన్న, సీతాఫలం అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. చింత ఆఫ్రికాది. ఎర్రపూల తురాయి మడగాస్కర్ చెట్టు. నంద్యాల పత్తి పొలాల్లో దేశవాళీ పత్తి స్థానాన్ని మెక్సికో మూలానికి చెందిన అమెరికా పత్తి ఆక్రమించింది. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన నరసింహ రకం ఆ జాతిదే.

వచ్చినవన్నీ మేలు చేయలేదు. నాగజెముడును 18వ శతాబ్ది చివర మద్రాసు సైదాపేటలో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఎర్రరంగునిచ్చే కోచినీల్ పురుగు కోసం పెంచాడు. అలా దక్షిణాదిన ప్రోత్సాహం పొందిన నాగజెముడు పొలాలను కమ్మేసింది. 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన మరో కోచినీల్ జాతి పురుగు దాన్ని అదుపు చేసింది. సర్కారుతుమ్మను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం నాటారు. అటవీ అధికారి ఆర్.హెచ్. బెడ్డోమ్ దాని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వాన్ని కోరాడు. 19వ శతాబ్ది తొలినాళ్లలో అలంకార మొక్కగా కలకత్తా ఉద్యానానికి వచ్చిన లంటానా నేడు దేశమంతటా అడవుల అంచులను ఆక్రమించింది. గుర్రపుడెక్క కూడా అందమైన పువ్వు కోసం తెచ్చుకున్నదే.

చూడు: ఆక్రమణ జాతులు, వయ్యారిభామ, జీవనియంత్రణ.

పరిశోధన, సంరక్షణ సంస్థలు

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లో ఏర్పడింది. పత్తి, శనగ, జొన్న, వరి తదితర పంటల మీద పనిచేస్తుంది. మహానందిలో వ్యవసాయ కళాశాల, ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నాయి. శ్రీశైలం దగ్గరి సున్నిపెంటలో అటవీశాఖ జీవవైవిధ్య కేంద్రం నల్లమల జీవజాలపు నమూనాలను భద్రపరుస్తోంది. జిల్లాలోని బనగానపల్లె పేరుతో ప్రసిద్ధమైన మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

సందర్శన

నంద్యాల, ఆళ్లగడ్డ వాసులు చూడదగిన పాత గాజుగృహాల్లో బెంగళూరు లాల్‌బాగ్, ఊటీ ముఖ్యమైనవి. లాల్‌బాగ్ ప్రదర్శన రోజుల్లో రద్దీ ఎక్కువ. కట్టడాన్ని, చుట్టూ ఉన్న పెద్ద చెట్లను తీరిగ్గా చూడాలంటే మామూలు రోజుల ఉదయం అనువు. ఊటీలో ఫెర్నులు, బెగోనియాలు వంటి నీడ మొక్కలు ప్రధాన ఆకర్షణ. హైదరాబాదు వృక్షోద్యానం నంద్యాలకు రోడ్డు మార్గాన సుమారు 290 కిలోమీటర్లు. సింగపూర్, లండన్, అమెరికాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకూ వారిని చూడబోయేవారికీ గార్డెన్స్ బై ద బే, కియూ, పెన్సిల్వేనియాలోని లాంగ్‌వుడ్, వాషింగ్టన్‌లోని అమెరికా వృక్షోద్యానం అందుబాటులో ఉంటాయి.

తేమ గృహంలోకి చల్లని చోటి నుంచి అడుగుపెట్టగానే కళ్లద్దాలూ కెమెరా కటకాలూ మంచుపట్టినట్టు మసకబారతాయి. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటాయి. తలుపులు ఒకదాని తరవాత ఒకటి తెరవడం, దారి దాటకపోవడం, ఆకులు తుంచకపోవడం అన్నిచోట్లా నియమం. కొన్ని మొక్కల పాలు చర్మానికి, కళ్లకు హానికరం. పేరుపలక మీద మొదట స్వస్థలం చదివితే ఆ గదిలోని వేడి, తేమ ఎందుకలా ఉన్నాయో తెలుస్తుంది. శాస్త్రీయ నామంలోని మొదటి పదం ప్రజాతి. దాన్ని బట్టి ఆ మొక్కకు మన పెరటి మొక్కల్లో బంధువులెవరో పోల్చుకోవచ్చు.

చట్టాలు, నియంత్రణ

విదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తేవడానికి 1914 నాటి వినాశకర కీటకాలు, తెగుళ్ల చట్టం కింద జారీ అయిన 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా సామానులో విత్తనాలు, దుంపలు, కొమ్మలు తేకూడదు. దేశీయ జీవవనరుల వినియోగాన్ని 2002 జీవవైవిధ్య చట్టం నియంత్రిస్తుంది. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారానికి 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ ఒప్పందం ఆధారం.

ప్రాముఖ్యం, విమర్శలు

స్వస్థలంలో అంతరించిన, అంతరించబోయే జాతులకు గాజుగృహాలు ఆశ్రయమిస్తున్నాయి. మొక్కల పరాగసంపర్కం, వర్గీకరణ, విత్తన నిల్వల మీద పరిశోధనకు అవి ఆధారం. బడిపిల్లలు వానాడవినీ ఎడారినీ ఒకే పూటలో పోల్చి చూడగల చోటు మరొకటి అరుదు.

విమర్శలు మూడు కోణాల్లో ఉన్నాయి. వలస పాలకులు స్థానికుల జ్ఞానాన్నీ మొక్కలనూ తీసుకుపోయి తోట పంటల లాభం తాము పొందారన్నది మొదటిది. రబ్బరు, సింకోనా దీనికి తరచుగా చూపే ఉదాహరణలు. ఉద్యానాల నుంచి తప్పించుకున్న మొక్కలు అడవులను పాడుచేశాయన్నది రెండోది. వేడికీ చల్లదనానికీ ఖర్చయ్యే ఇంధనం మూడోది. వీటికి సమాధానంగా నేటి ఉద్యానాలు సేకరణ మూలాన్ని నమోదు చేయడం, స్వస్థలంతో ప్రయోజనం పంచుకోవడం, ఆక్రమించే స్వభావమున్న మొక్కలను ముందే పరీక్షించడం, సౌరశక్తి, వాననీటి వాడకం వంటి పద్ధతులు అనుసరిస్తున్నాయి.

ప్రాంతీయ అవకాశాలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి ఉపకరించే గాజుగృహం చలిదేశపు నమూనాకు నకలుగా ఉండదు. పగలు షేడ్‌నెట్ నీడ, వేసవిలో తడిగోడ చల్లదనం, వాననీటి నిల్వ ఉన్న ఒక మోస్తరు కట్టడం ఇక్కడి వాతావరణానికి సరిపోతుంది. అందులో విదేశీ మొక్కల పక్కనే నల్లమల ఫెర్నులు, ఎర్రచందనం మొలకలు, ఎల్లిస్ నమోదు చేసిన అరుదైన జాతులు పేరుపలకలతో ఉంటే సందర్శకుడికి పోల్చుకునే వీలు కలుగుతుంది. అలాంటి ప్రయత్నానికి మొదట సమకూర్చుకోవలసినవి నీడ, నీరు, సరైన రికార్డు. గాజు ఆ తరవాతిది.